సంచి అడుగు గుళికలు

అంగట్లో మూటలు దించిన రోజు
గచ్చు మీద రాలిన యూరియా ఊడ్చి
జోబులో పోసుకుంటాను.
పదకొండేండ్ల గుమాస్తాగిరిలో
జీతం కాక నాకు మిగిలేది అదొక్కటే.
పట్టుకుంటే చల్లగా ఉంటుంది.
ఇల్లు చేరేలోపల చెమ్మ తీసి
చొక్కాకి అంటుకుంటుంది.

పెరట్లో నాలుగు నాపబండలు పెరికించి
అనపగింజలు పెట్టింది మొన్నటి వానలకే.
తాడిపత్రిలో గుప్పెడు మన్ను కావాలంటే
ముందు రాయికి దండం పెట్టుకోవల్ల.
బండ కింద నేల
ఏండ్లకొద్దీ పెట్టెలో మడిచిన చీర మాదిరి
పాలిపోయి, ముక్కవాసనేస్తా ఉండింది.
జాలేసింది.
తెచ్చిందంతా దానికే పోసినాను,
వారానికొక పిడికెడు.

తీగ లేచింది చూడు!
దండెం ఎక్కింది, డిష్ గొడుగు ఎక్కింది,
కిటికీ కడ్డీలు పట్టుకోని వంటింట్లోకి తొంగిచూసింది.
ఒక్కో ఆకు అరచెయ్యంత,
నలుపు తిరిగిన పచ్చ.
కరెంటు బిల్లు తెచ్చిన పిల్లోడు కూడా
ఏం మందు కొట్టినావన్నా అని అడిగిపోయినాడు.
మీసం మీద చెయ్యి వేసుకోలేదు గానీ
వేసుకున్నంత పనైంది.

కార్తీకం పోయింది.
మంచు పడింది.
పూత లేదు.

గోడకవతల మాబున్నీ తీగ
గుడ్డలుతికిన నీళ్లు పోయే తూము పక్కన
ఎవరూ పెట్టకుండానే మొలిచింది.
బక్కది. ఆకులనిండా తూట్లు.
ఊదా గెలలు మాత్రం దాని ఒంటికి మించి పూసినాయి.
పొద్దున్నే ఆమె కాయలు తెంపుతాంటే
సొన వాసన గోడ దూకి
నా పళ్లపుల్ల దగ్గరికొస్తుంది.

నాలుగు రోజులు ఓర్చుకోని ఐదో రోజు అడిగినాను.
"ఒక చెట్టు పీకుదాం పా,
నాదొకటి, నీదొకటి" అనింది.

కొళాయి కింద వేర్లు కడిగింది.
ఆమె చెట్టు వేరుకు
ఆవాలంత, కొన్ని జొన్నలంత, బుడిపెలు.
ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు,
పసిపిల్ల చిగుళ్ల రంగు.
నా చెట్టు వేరు
నూనె రాసి దువ్విన వెంట్రుక మాదిరి
నున్నగా ఉంది.

"ఇది గాలి తిని బతికే జాతన్నా.
దాని కూడు అదే వండుకుంటాది.
నువ్వు దినామూ పళ్లెంలో పెట్టిస్తాంటే
పొయ్యెందుకు ముట్టిస్తాది?
పెట్టేటప్పుడు ఇంత పెంటెరువు, ఇంత బూడిద.
మళ్లా దాని జోలికి పోగూడదు."

ఈ మాట ఏ సంచి వెనకా అచ్చయి లేదు.
పదకొండేండ్లుగా నేను చదివేది సంచుల వెనకలే.

తెల్లారి అంగట్లో
యాడికి నుంచి కుళ్లాయప్ప,
బోరు కింద చెనిక్కాయ రెండెకరాలు.
"మూడు మూటలు రాయన్నా. పైరు పచ్చంగ కనపడల్ల."
ఎవరికి కనపడల్ల అని అడగబోయి ఆగినాను.
శెట్టి గల్లాపెట్టె దగ్గరే ఉన్నాడు.
పెన్ను గీసినాను, ఇంకు రాలేదు.
మళ్లా గీసినాను.
"ఒక చెట్టు పీకి చూసినావా?" అన్నాను మెల్లగా.
"ఎందుకు?"
"ఊరికే. వేరు ఎట్లుందో."
నన్ను చూసినాడు, శెట్టిని చూసినాడు,
తువ్వాలు భుజం మార్చుకున్నాడు.
"రెండు రాయి. పీకినాక మూడోది."

ఆ సాయంత్రం కూడా గచ్చు ఊడ్చి
అలవాటు కొద్దీ జోబులో పోసుకున్నాను.
ఇంటికొచ్చి సగం వంగచెట్టు మొదట్లో పోసినాను,
అది తినేదే.
తీగ దగ్గరికి పోయి
రెండు చేతులూ ఖాళీ అని చూపించినాను.
అంతెత్తు ఎగబాకింది గదా,
ఆకలంటే ఏందో దానికి కొత్త.
పది రోజులు అలుగుతాదేమో.
అలగనీ.

మిగిలిన సగం జోబులోనే ఉంది,
చొక్కా తడుపుతా.