తప్పొప్పుల పట్టిక

ఆదోనిలో మా ప్రెస్సు పత్తిమిల్లు ఎనక.
కిటికీ మూసినా దూది వచ్చి
సీసపు అక్షరాల గళ్లలో పడేది.
ఊదుకుంటా కూర్చేదాన్ని, ఫారానికి ఇంతని.
రాజుల కథలు, మాయల కథలు,
గుంతకల్లులో రైలు మారేవాళ్ల కోసం
రంగుబొమ్మ అట్టేసిన బుడ్డ పుస్తకాలు.

రాసేటాయన ఆ మిల్లులోనే గుమాస్తా.
పేరు తిప్పేస్వామి, అట్ట మీద మాత్రం 'వజ్రఖడ్గ'.
బోరాలు లెక్కబెట్టిన చిట్టీల ఎనకపక్క
రాసుకొచ్చేవాడు.
మెత్తని మనిషి. నన్ను అక్కా అనేవాడు.

ఆయన కథలో కత్తికి పేరుంది.
గుర్రానికి పేరుంది,
ఆ గుర్రాన్ని ఈనిన గుర్రానికీ ఉంది.
మంత్రగత్తెకు లేదు.
అడివిలో ఒకతే ఉంటుంది, ఆకులు తెలుసు,
అందుకని పదమూడో ప్రకరణంలో
జుట్టు పట్టి ఈడ్చాల.
ఈడ్చింది నేనే,
ఒక్కొక్క అచ్చూ ఏరి.
మా అవ్వకూ ఆకులు తెలుసు.

రాకుమారికి నడుముంది.
ఎన్నిసార్లు ఉందంటే
నా గడిలో 'డు'లు చాలేవి కావు.
వీరుడు, ధీరుడు, శూరుడు,
మగవాళ్ల చివరన ఒకటి,
ఆమె నడుము నడుమ ఒకటి.
ఒక్కోసారి శూరుణ్ణి సగంలో ఆపి
ఆమె నడుము పూర్తి చేసేదాన్ని.

నూటిరవై ఎనిమిది పుటల్లో
ఆమె నోరు తెరిచింది పదకొండుసార్లు.
'అయ్యో!' అని ఏడు, 'ప్రాణనాథా!' అని నాలుగు.

ఆఖరి ఫారం నాడు కరెంటు పోయింది.
లాంతరు పెట్టుకున్నా.
రాజు అర్ధరాజ్యమూ కూతురినీ ఇస్తున్నాడు,
ఆ వరసలోనే.
వీరుడు చెయ్యి పట్టుకున్నాడు.
ఆమె 'ప్రాణనాథా!' అనాల.

'థా' అయిపోయిందని చెప్పుకున్నా అందరికీ.
అయిపోలేదు, రెండున్నాయి.
నా వేళ్లు ఆ గడి దాకా పోయి
పక్కకి తిరిగినాయి.
'ఎందుకు?' అని కూర్చినాను.

ప్రూఫు దిద్దే వీరభద్రాచారి కునుకులో దాటేసినాడు.
రెండువేల ప్రతులు.

వారానికి తిప్పేస్వామి వచ్చినాడు.
కోపం లేదు. భయమున్నట్టుంది.
"అక్కా, ఆమె ఎందుకని అడిగితే
ఎనక నేనేం రాయాల?
వానికేం తెలుసు చెప్పనీకి?"

ఓనరు చీటీ అచ్చేయమన్నాడు. అదీ నేనే కూర్చినాను.

పుట 126, నాలుగో పంక్తి.
తప్పు: ఎందుకు?
ఒప్పు: ప్రాణనాథా!

రెండువేల చీటీలు, వేలెడంత.
అతికించే పనీ నాదే.
మైదా తక్కువేసి
నీళ్లు ఎక్కువ పోసి కాచినాను జిగురు.

గుంతకల్లు ఎండ సంగతి తెలిసిందే గదా.
అన్నీ కాదులే,
కొన్నన్నా రాలి ఉంటాయి.