లాకు దగ్గర ఎండ

నరసాపురం ఆసుపత్రి వెనక గదిలో
పొద్దున్నే మూత బిగించిన డబ్బాలు వరస కడతాయి.
రాత్రంతా ఛాతీలో నానిన కళ్ళె.
పుల్లతో గాజు మీద పలచగా పూసి,
మంట మీద కాచి, ఎర్రరంగు పోసి,
యాసిడ్‌తో కడుగుతాను.
అన్నీ రంగు వదిలేస్తాయి,
అదొక్కటే వదలదు.
నీలం మీద సన్నటి ఎర్ర నలుసులు.
ఇరవై రెండేళ్ళుగా వాటినే లెక్కపెడుతున్నాను.

ఆ ఏడు హైదరాబాదు నుంచి ఒక మేడమ్ వచ్చింది,
ఐసుపెట్టె, సూదులు, పొడుగాటి ఫారం.
పేరు, వయసు, రోజూ ఎండలో ఎన్ని గంటలు,
ఆ కింద కులం.
అదెందుకండీ అన్నాను.
గుంపు గుంపుకీ జన్యువు రాత కాస్త మారుతుందట.
ఒంటి మీద పడ్డ ఎండ విటమిన్ డి అయ్యి
నెత్తుట్లో తిరిగి తిరిగి
కణంలో ఒక గ్రాహకాన్ని పట్టుకుంటుందట.
పట్టు చిక్కితే కణం తన మందు తానే నూరుకుంటుందట.
ఆ గ్రాహకం రాతలో ఒక్క అక్షరం తేడా వస్తే...
చేతులతో చూపించబోయి ఆగింది.

"లాకు అండి" అన్నాను.

మా నాన్న తాతారావు కాలవ మీద లస్కరు.
గోదారి ఎంత పొంగినా
చేలోకి వచ్చేది తలుపు లేచినంతే.
ఒక తలుపు మూరెడు లేస్తుంది,
ఒకటి తుప్పుపట్టి, కీచుమని, బెత్తెడు దగ్గర ఆగుతుంది.
శివారు రైతు గట్టెక్కి తిడుతుంటే
నాన్న చక్రం వదలకుండా అనేవాడు:
నీళ్ళకేం లోటురా, నీళ్ళున్నాయి.

మేడమ్ నవ్వింది, ఆ మాట రాసుకుంది.

ఓలేటి పెద్దిరాజు బోటు దిగి సరాసరి వచ్చాడు,
మోచేతి మడతలో ఉప్పు తుడిచి సూది గుచ్చాను.
సముద్రమంత ఎండ తాగినవాడు, ఊపిరితిత్తిలో బొక్క.
లేసు అల్లే మేరీరత్నం
ముప్పయ్యేళ్ళు గుమ్మం నీడ దాటలేదు,
చెమట పడితే దారం మాసిపోద్ది బాబూ అంది.
మొగుడి దగ్గు పక్కనే పడుకుని లేచింది,
ఆవిడ స్లైడు నీలంగానే ఉంది, ఖాళీగా.

ఖాదర్‌బీ మాత్రం ఫారం తిప్పి చూసింది.
"ఈ గడిలో రొయ్యల షెడ్డు అని రాయి" అంది.
"అందులో అన్ని కులాలూ ఉన్నాయి,
కిటికీ లేదు.
ఒకళ్ళు మొదలెడితే పదకొండుమందిమీ దగ్గుతాం."
అంత మాట పట్టే గడి కాదది.
నేను ముస్లిం అని రాశాను.

రెండేళ్ళకి కాగితం వచ్చింది.
ఒక గుంపులో ఆ అక్షరానికీ జబ్బుకీ ఏదో పొత్తు,
పక్క గుంపులో ఏమీ లేదు,
మూడోదాంట్లో తిరగబడింది.
ఇంకా చాలా నెత్తురు కావాలని చివర ఒప్పుకున్నారు.
షెడ్డు మాట ఎక్కడా లేదు.

నాన్న స్లైడు కూడా నేనే చూశాను, ఈ బల్ల మీదే.
ఆయన వీపు మీద ఎండకి కొదవ ఎప్పుడుంది?
లోపలి తలుపు ఎంత లేచేదో
అడిగేవాళ్ళు అప్పట్లో లేరు.
నాది నూట పద్నాలుగో గొట్టం.
అందులో ఏముందో ఇప్పటికీ అడగలేదు.

సాయంత్రం సైకిలు లాకుల మీదుగానే పోతుంది.
కొత్త లస్కరు కాంట్రాక్టు కుర్రాడు,
చక్రం తిప్పుతూ తిప్పుతూ
ఆగి, వంగి, దగ్గాడు.
ఎన్నాళ్ళ నుంచి అన్నాను.
నెల అన్నాడు, నీళ్ళకేసి చూస్తూ.
నా జేబులో ఖాళీ డబ్బా ఎప్పుడూ ఒకటుంటుంది.
రేపు లేవగానే, నోరు పుక్కిలించి,
లోతు నుంచి, అన్నాను.
మూత గట్టిగా పెట్టు.