ఏడో పేజీ మచ్చ

కోఠి బస్టాండు ఎదురుంగ నాది జిరాక్సు దుకాణం.
కోర్టు కాయితాలు, కుల సర్టిఫికెట్లు,
ఆధార్ కార్డుకు ముందూ ఎన్కా.
సంగీతం కాయితం ఎన్నడు సూడలె.

మే నెలల, మిట్ట మధ్యాహ్నం,
మారేడుపల్లి నించి ఆటోల దిగింది హెప్సిబా మేడం.
డెబ్బై ఆరేండ్లు. చేతిల చీర డబ్బా,
డబ్బా నిండ పెన్సిల్ రాత:
ఐదు గీతల మీద చీమల బారు,
చక్కెర దొరికిన కాడ గుమిగూడి
దొరకని కాడ తెగిపొయ్యి.
"అరవై రెండు మంది వాయిస్తరు నాయనా,
ఎవరి కాయితం వాళ్లకు కావాలె."
"ఏం పాట మేడం?"
"పాట కాదు. బోరింగు."

మూడు రోజులు తీసిన.
నా మిషన్ల కూడ ఒక డ్రమ్ముంటది, మోగదు.
దాని మీద ఆవగింజంత గీరు పడ్డది, నాకెరుకే.
మార్చాలంటే పద్నాలుగు వేలన్నడు ఇంజనీరు.
ఎండకాలం, గిరాకి లేదు, ఆగు అన్న.
అట్ల ప్రతి కాయితం మీద, అదే జాగల, ఒక నల్ల మచ్చ.
ఫిడేళ్ల వాళ్లకు అంచుల పడ్డది.
డోళ్లాయనకు పేజీ నంబరు పక్కన.
చెల్లో ఆమెకు పేరు మీద, బొట్టు తీర్గ.
రెండో హారన్ ఏడో పేజీల మాత్రం
పదహారు ఖాళీ గదులుండె,
ఊదకుండ ఉత్తగ లెక్కవెట్టేటియి.
తొమ్మిదో గదిల, సక్కగ గీత మీదనే కూసున్నది.

రిహార్సల్ నాడు బిల్లు పైసలకు పోతి.
హారన్ అంటే ఆర్టీసీ బస్సుది అనుకున్న.
కాదు, సుట్టలు సుట్టుకున్న ఇత్తడి పాము.
దాని నోట్లె చెయ్యి వెట్టి కూసున్నడు
లాలాగూడ పిలగాడు రూఫస్.
అందరు ఊకున్న కాడ, వాడొక్కడే,
ఒక్క పొట్టి ఊపిరి.
నడిపేటాయన కట్టె గాలిలనే ఆగింది.
"ఎవరది?" ఎన్కకెల్లి మేడం గొంతు.
"ఉన్నది మేడం. తోక లేదు గని, గుండు ఉన్నది."

కాయితం చేతులు మారుకుంట ముందలికొచ్చింది.
ఆమె అద్దాలు సవరించుకొని మచ్చను సూసింది,
తర్వాత నన్ను.
అరవై రెండు మంది ముందల
నా పద్నాలుగు వేల పీనాసితనం.

చానసేపు ఏమనలె.
"కొట్టంగ కొట్టంగ, నీళ్లు రాకముందల,
బోరింగు ఒకసారి గొంతు సవరించుకుంటది.
ఎట్ల మర్శిన నేను?"
ముడిల దోపుకున్న పెన్సిల్ తీసి
మచ్చకు తోక గీసింది.

శనివారం. రవీంద్రభారతి. బయట వాన,
లోపల సగం కుర్చీలు ఖాళీ.
మొదటి భాగం అయిపోంగనే చప్పట్లు కొడితి,
నేనొక్కన్నే. పక్కామె కండ్లతోనే కూసోవెట్టింది.
ఇగ మొదలైంది పొడి పిడి కొట్టుడు,
పెద్ద ఫిడేళ్లు కిర్రుమంటున్నయి,
ఒకరెన్క ఒకరు, బిందెల వరుస కదిలినట్టు.
నేను ఏళ్ల మీద గదులు లెక్కవెడుతున్న.
ఆరు. ఏడు. ఎనిమిది.
సరిగ్గ గప్పుడే ఎవరో దగ్గిండ్రు.

రెండు వందలు వెట్టి ఆదివారం మళ్ల పోతి.

వినవడ్డది.
రెప్పపాటు గూడ లేదు.
ఇనుప గొంతుల లోతు నించి ఏదో జరిగినట్టు,
ఇంక నీళ్లు రాలె, గని
వరుసల నిలవడ్డ అందరికి తెలిసినట్టు.
పక్కాయన మోచెయ్యి తట్టి
"గది నాది" అనబోయి మింగిన.
నాదెట్లయితది?
పైసలు లేక ఆగిన, గంతే.

సోమవారం డ్రమ్ము మార్పించిన.
అఫిడవిట్లు తెల్లగ వస్తున్నయని
వకీలు సాబ్ మస్తు ఖుషీ.
నేనే, ఇంక అలవాటు పోక,
ప్రతి కాయితం ట్యూబ్‌లైటుకు అడ్డంవెట్టి
ఒక పారి ఎతుకుత.