నూనె మరక

ఆదోని మార్కెట్ యార్డు గేటు కాడ
మిరపకాయ బజ్జీల బండి ముందు
ఖాసింబీ కాగితాల కట్ట విప్పింది.

"డబ్బా మీద రేటు ఉండాది, తారీకు ఉండాది,
నవ్వే ఆడమనిషి బొమ్మ గూడా ఉండాది.
గింజ ఏ గింజో ఎందుకు లేదు ఈరన్నా?"

ఈరన్న జల్లిగంటె దించలేదు.
"నూనె పేరెత్తితే బేరం చెడతాది, పోక్కా."

రెండు వాయలైనాక వాడే అన్నాడు:
"ఇత్తనం ప్యాకెట్టు మీద ఇంత పొడుగు పేరుండె.
పత్తి అమ్మితి. గింజ మిల్లుకు పోయె,
నూనై నా బాండ్లికే తిరిగొచ్చె.
పేరు యాడ జారిపోయిందో."

వేలిముద్ర వేశాడు.
నూనె వేలికి సిరా అంటలేదు.
లుంగీకి తుడుచుకొని మళ్ళా, మళ్ళా.
కడాకు ఒక మరక.

పొద్దుగూకే ముందు బస్టాండులో
ఖాసింబీ కాగితం ఎత్తి పట్టింది.
నాలుగు వందల పేర్ల నడుమ
ఆ ఒక్క చోట
ఎండ ఇవతలికి వచ్చింది.