ముడి తప్పు

మా ప్రెస్సు కింద సముద్రం ఉంటుంది.
కొయ్య గుంజల మీద ఇల్లు, ఇంట్లో ఒక ముసలి యంత్రం.
పోటు వచ్చినప్పుడు
గిన్నెల్లో రంగులు సన్నగా వణుకుతాయి.

చిలోయే దీవిలో పిల్లల పుస్తకాలు వేసేది మేం నలుగురమే.
నలుగురంటే మరీ గొప్పగా ఊహించుకోకండి:
ఎర్మిందా మిల్యలోంకో యజమాని, చీపురు కూడా ఆవిడదే;
బొమ్మలేసే పిల్ల యెస్సెనియా, పందొమ్మిదేళ్ళు;
కుట్టు పని నాది;
నాలుగోది పొయ్యి.
దానికీ జీతమే, కట్టెల్లో.

యెస్సెనియా అంతకుముందు సాల్మన్ ఫ్యాక్టరీలో
రాత్రి షిఫ్టుల్లో చేపల ముళ్ళు తీసేది.
ఇప్పటికీ కుంచెను
పటకారు పట్టినట్టే పడుతుంది.
అందుకేనేమో ఆ గీత
ముల్లంత సన్నం, ముల్లంత సూటి.

మేం చదివిన పుస్తకాలన్నీ శాంతియాగోలో పుట్టి
పడవెక్కి వచ్చినవే.
వాటిలో పిల్లలు మెట్రో దిగి బడికి పోయేవాళ్ళు.
మెట్రో అంటే ఏమిటో
ఏ పేజీ అడుగునా ఎవరూ రాయలేదు.
నేల కింద ఈదే చేప అనుకున్నాన్నేను
తొమ్మిదో ఏటిదాకా.

పోయిన శీతాకాలం రాజధాని నుంచి
పెద్ద ప్రచురణ సంస్థ ఆవిడ వచ్చింది.
మంచి మనిషే.
తడిసిన బూట్లు పొయ్యి పక్కన పెట్టి
మా పుస్తకం చివరిదాకా చదివింది.
"ఇరవై వేల ప్రతులు వేద్దాం" అంది.
ఎర్మిందా చేతిలో కప్పు
సాసర్ మీద టకటకలాడింది.

"చిన్న చిన్న మార్పులంతే.
దుంపలు ఊదారంగులో, వంకరగా, వేళ్ళలా ఉన్నాయి.
పిల్లలు పోల్చుకోలేరు. గుండ్రంగా, గోధుమరంగులో వేస్తే...
ఆ, చివర్లో మీ మాటలకి
అర్థాల పట్టిక ఒకటి."

ఎర్మిందా మాట్లాడలేదు.
లేచి వెళ్ళి గంప తెచ్చి, నాలుగు ఉడకబెట్టింది.
ఆవిడ ఊదా దుంపలు మూడు తింది, వెన్నతో.
అద్భుతం అంది.
పట్టిక మాత్రం తప్పదంది.

ఆ రాత్రి పోట్లాడుకున్నాం, దాచడమెందుకు.
నాకు ఇరవై వేలే కనిపిస్తున్నాయి.
ఇంటి కప్పు కారుతోంది,
నా కొడుకు పళ్ళకి తీగ వేయించాలి.
"పరువు పొయ్యిలో పెడితే మండదు" అన్నాను.
"పెట్టి చూశావా?" అంది ఎర్మిందా.

చివరికి వేసింది ఆరువందలు. మేమే.
చెమ్మకి కాగితం ఆరక, పొయ్యి మీద దండేలు కట్టాం.
ప్రతి పుస్తకానికీ పొగ వాసన.

రెండు నెలలకి చౌకెస్ దీవుల నుంచి ఒక కవరు వచ్చింది.
ఆ బళ్ళో ఉన్నది పదకొండు మంది.
రాసినవాడు ఎలియాసర్ గినెయో, ఎనిమిదేళ్ళు.

"పద్నాలుగో పేజీలో ఎద్దులు ఇల్లు లాగుతున్నాయి కదా,
ఆ తాడు ముడి తప్పు.
అలా కడితే ఇల్లు నీళ్ళలోనే ఉండిపోతుంది.
మా తాత నవ్వాడు.
సరైన ముడి ఇందులో పెట్టాను. తిరిగి పంపక్కర్లేదు."

కవర్లోంచి జానెడు తాడు జారింది.

యెస్సెనియా మొహం కందగడ్డయింది.
ఎర్మిందా మూడుసార్లు చదివి కళ్ళు తుడుచుకుంది,
పొగేనేమో.
"మన చిన్నప్పుడు పుస్తకంలో వాన లేకపోతే
మన ఊరే తప్పనుకున్నాం.
వీణ్ణి చూడవే,
పుస్తకం తప్పంటున్నాడు!"

రెండో ముద్రణలో ముడి మార్చాం.
చివరి పేజీలో, కాగితం ధర కింద,
ముడి: ఎలియాసర్, వాళ్ళ తాత
అని పడింది.
తాతకి పారితోషికం పంపితే
బదులుగా బస్తాడు దుంపలొచ్చాయి.

కప్పు ఇంకా కారుతూనే ఉంది.
రాజధాని ఆవిడ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది,
పట్టిక సంగతి ఎత్తదు, దుంపలు అడుగుతుంది.

ఆ జానెడు తాడు నా బల్ల మీదుంది.
రోజూ విప్పుతాను, మళ్ళీ కట్టబోతాను.
ముప్పై ఏళ్ళుగా దారంతో బతుకుతున్నదాన్ని,
ఇంకా పట్టుబడలేదు.