మచ్చ

ఆ ఏడు నా వేళ్ళ మసి ఎంత కడిగినా వదల్లేదు.
మొసలిదేవుడి గుడి మెట్ల పక్కన నా బల్ల.
జమ్ముకాగితాలు రోజుకు నలభై,
నలభైకీ ఒకటే పాఠం, పేర్లే వేరు:
“నేను ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను.
ఇప్పుడూ మీ కళ్ళెదుట, ఆజ్ఞ ప్రకారం,
ధార పోశాను, బలి ఇచ్చాను, నైవేద్యం రుచి చూశాను.”
కింద వయసు.
దాని కింద మచ్చ.

మచ్చ రాయకపోతే కాగితం చెల్లదు.
ఒక్క వీధిలోనే ఆరుగురు హోరోస్‌లు మరి.
అలా మా ఊరిని నేను దెబ్బలతో గుర్తుపెట్టుకున్నాను.
కుడి కనుబొమ్మ చీలిక, రొట్టెలు కాల్చే సరాపాస్.
పిక్క మీద కుక్కకాటు, గానుగ ఔనెస్.
ఏ మచ్చా లేనివాళ్ళు
ఏదో తప్పు చేసినట్టు నిలబడేవాళ్ళు.

చక్రవర్తి ఎక్కడో సముద్రానికి అవతల.
మా ఊరికి ఆయన
ఒక కాగితమై వచ్చాడు.

కొందరు కళ్ళు మూసుకుని చేదుమందు మింగినట్టు
చిటికెడు సాంబ్రాణి నిప్పుల్లో రాల్చారు.
కొందరు చీకటి పడ్డాక నా తలుపు తట్టి
“పొగ లేకుండా ఇవ్వు” అన్నారు.
ఇచ్చాను.
పుణ్యాత్ముణ్ణేమీ కాను, మూడింతలు పుచ్చుకున్నాను.

తనూఫిస్ మాత్రం రాత్రి రాలేదు.
సరస్సు ఒడ్డున వలలు బాగుచేసే మనిషి.
వారానికోసారి తెల్లారకముందే
మా గోడకవతల, ఉల్లిపాయల కొట్లో,
పదిమంది గొంతు తగ్గించి పాడేవాళ్ళు.
ఆమె గొంతు తగ్గేది కాదు.
నేను తిట్టుకుంటూ అటు తిరిగి పడుకునేవాణ్ణి.
ఎవరికీ చెప్పలేదు. ఎందుకో అడక్కండి.

ఆమె పేరు పిలిచేసరికి కాగితం సిద్ధంగా ఉంది.
ముందురాత్రే రాసిపెట్టాను.
అధికారి ఎండకు కునుకుతున్నాడు.
“ఒక్క చిటికెడు” అన్నాను, పెదవి కదలకుండా.
“అదీ వద్దు. చెయ్యి అటు చాపు చాలు.”

“నాకు చదువు రాదు. ఏం రాశావో చదువు.”

చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
ఆమె తలవంచి విన్నది,
చిరిగిన వలలో కన్నులు లెక్కపెట్టేటప్పటిలా.

“పేరు నాదే. వేలు నాదే.
నడుమనున్న ఆడమనిషెవరో నాకు తెలీదు, కాస్తోర్.”

అధికారి మేలుకున్నాడు.

తర్వాతి సంగతి నేను చూడలేదు.
పట్నం చెరసాలలో తొమ్మిదో రోజు అన్నారు,
దాహంతో అన్నారు, కాదు జ్వరంతో అన్నారు.
ఆకాశం తెరుచుకుందని ఉల్లిపాయలవాడు అన్నాడు.
వాడు కాగితం కొనుక్కున్నవాడే,
ఏడుస్తూ అన్నాడు.

రెండేళ్ళకి ఆ చక్రవర్తీ పోయాడు.
కాగితాలు పొయ్యిల్లోకి వెళ్ళాయి.
ఒకప్పుడు నాకు డబ్బిచ్చినవాళ్ళు
సంతలో నన్ను చూసి పక్కసందు పట్టారు.

ఒక మధ్యాహ్నం ఆమె చెల్లెలు వచ్చింది.
“అక్క గురించి ఎక్కడైనా ఏమైనా రాసి ఉందా?”

ఉంది.
సంతకాలు పడని కాగితం, పెట్టె అడుగున.
జమ్ము ఖరీదు కదా అని
వెనకవైపు బార్లీ లెక్కలు కూడా రాసుకున్నాను.
ఈ భూమ్మీద ఆమె పేరున్న కాగితం అదొక్కటే,
అందులో ఉన్నదంతా అబద్ధం.

ఆ పిల్లకీ చదువు రాదు.
పై వరసల మీద అరచెయ్యి ఆనించి
చివరి వరస ఒక్కటే చదివాను:

“తనూఫిస్. వయసు నలభై.
ఎడమ బొటనవేలి మీద మచ్చ.”

“వలసూది గుచ్చుకుంది” అంది ఆ పిల్ల.
“నాకు ఈత నేర్పిన ఏడు.”

మళ్ళీ చదవమంది.