ఓపా ఊపిరి

పూరా దీవికీ అలోర్‌కీ నడుమ
నీళ్లు రోజుకి నాలుగుసార్లు మనసు మార్చుకుంటాయి.
ఏ వేళకి ఏ మనసో కనిపెట్టి పడవ ఆపినందుకే నాకు జీతం.
ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. బెల్టులు బిగిస్తాను,
ముళ్లచేపని ముట్టుకోవద్దంటాను,
పగడాన్ని పట్టుకుని నిలబడొద్దంటాను,
అన్నిటికన్నా ముందు
నీళ్లలో ఊపిరి బిగపట్టొద్దంటాను.

ఓపా ఊపిరి బిగపట్టే బతికాడు.

మా అమ్మకి తండ్రి. పేరు లసారుస్.
సీసా అడుగుల గాజు, చింతచెక్క చట్రం,
సైకిల్ ట్యూబు ముక్కతో తల వెనక ముడి.
ఆ కళ్లజోడుతో పది బారల లోతుకి దిగి
వెదురు బోను పెట్టి వచ్చేవాడు.
పైకి తేలాక కూడా వెంటనే గాలి పీల్చేవాడు కాదట,
ఒడ్డున చూసేవాళ్ల కోసం కాస్త బడాయి.
కుడిచెవి ఆ లోతులకే ఇచ్చేశాడు.

డెబ్బై రెండో ఏట అడిగాడు:
"ఆ ఇనప సీసాలో గాలి ఎలా ఉంటుందో
నన్నూ ఒకసారి చూడనీ, యుబ్లీ."

ఆదివారం, చర్చి అయ్యాక, అతిథులు లేని పూట
దింపాను.
నిబంధన ప్రకారం ఆరు బారలు.
ఎనిమిదికి వెళ్లాం. ఎవరికీ చెప్పకండి.

నోట్లో గొట్టం ఉంది. గాలి వస్తోంది.
బుడగల్లేవు.
నావి ఎసరు కాగినట్టు పైకి పరుగెత్తుతున్నాయి,
ఆయన చుట్టూ నీళ్లు కదలవు.
పీల్చు, వదులు అని చేత్తో సైగ చేశాను.
తలూపాడు. పీల్చలేదు.
ఆయన చెయ్యి తీసి నా రొమ్ము మీద పెట్టాను,
ఇదిగో ఇలా లేవాలి, ఇలా పడాలి.
ఒక్కటి పీల్చాడు, నా మాట కోసం.
దాన్ని మళ్లీ దాచుకున్నాడు.

చిలకచేపలు పగడం కొరుకుతున్నాయి,
పక్కగదిలో ఎవరో పేలాలు నములుతున్నట్టు.
ఊదారంగు సముద్రపూల మధ్య
బొటనవేలంత జోకర్ చేప
నా చేతిగడియారంతో పోట్లాటకి దిగింది.
వీటికే జనం డబ్బులిచ్చి వస్తారు.
ఓపా చూపు అడుగున ఉంది, ఇసకలో, రాళ్లలో.

అక్కడ వలయంగా ఏడు నల్లరాళ్లు.
వెదురు ఎప్పుడో కుళ్లిపోయింది,
దాన్ని నొక్కిపట్టిన బరువు మిగిలింది.
ఆరు మామూలు రాళ్లు.
ఏడోది బల్లపరుపు, నడుమ అరచేతి మేర అరిగిన గుంట,
సగం మీద పగడం పాకింది.
కింద నుంచి ఒక సముద్రపు మలుగు తల బయటపెట్టి
నోరు తెరుస్తూ, మూస్తూ,
ఎవర్నో తిట్టిపోస్తున్నట్టు.

అప్పుడు పగిలింది నవ్వు.
మొదటి బుడగ తాటికాయంత,
వెనక లెక్కలేనన్ని.
అద్దం లోపల కళ్లు చిన్నవై, భుజాలు ఎగిరెగిరి పడి,
ఏమైందో తెలీక నేను బెల్టు పట్టుకుని హడలిపోయాను.

సరిగ్గా అప్పుడే నీళ్లు జివ్వుమని చల్లబడి
ఆయన వీపు వెనకగా సూర్యచేప వచ్చింది,
మొండెం ఎక్కడో మరిచి తల ఒక్కటే ఈదుతున్నట్టు,
మా పడవలో సగం ఉంటుంది.
దాన్ని చూడాలని వారాల తరబడి కాచుకునేవాళ్లున్నారు.
వేలు చూపించాను.
ఓపా తల తిప్పలేదు.

పైకొచ్చి పడవ అంచు పట్టుకున్నాక చెప్పాడు:
"మీ ఓమా మొక్కజొన్న అటుకులు కొట్టే రాయి అది.
ఆ పొద్దు బోనుకి ఒక రాయి తక్కువైంది.
పోయేదాకా వెతికింది.
పక్కింటి దోర్కాస్ ఎత్తుకెళ్లిందని
ఆవిడతో పదకొండేళ్లు మాట్లాడలేదు.
నన్నడిగితే, నాకేం తెలుసన్నాను."

అలలు పడవని తడుతున్నాయి.
సిలిండర్ మీద వేలితో కొట్టి, మోత విని,
ఇందులో ఇంకెంత ఉందన్నాడు.
ముల్లు చూపించాను, ముప్పాతిక పైనే.
వినే చెవి నావైపు తిప్పాడు:

"దోర్కాస్‌కి ఈత వచ్చా?"